సైకిలుకు తోలు సీటును ఎంచుకోవడం ఎట్లా?

సైకిలు సీటు కొనబోయిన వారు దుకాణంలో చేసే మొదటి పని, బొటనవేలితో దానిని నొక్కి చూడడం. వేలు లోనికి దిగితే మంచి సీటు, దిగకపోతే చెడ్డ సీటు. నేనూ అట్లే చేసినాను. హోసూరు నుండి బాగలూరు మార్గంలో ఉన్న మా పాఠశాలకు రానూపోనూ పద్దెనిమిది కిలోమీటర్లు. రక్తంలో చక్కెర పెరిగిందని వైద్యులు హెచ్చరించిన మీదట మోటారు సైకిలును పక్కన పెట్టి, ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ సైకిలు ఎక్కినాను. దానితో వచ్చిన సీటు గట్టిగా ఉన్నదని, పట్టణంలోని ఒక దుకాణంలో జెల్ నింపిన వెడల్పాటి సీటు కొని బిగించుకున్నాను. మొదటి రెండు రోజులు సింహాసనం వలె ఉన్నది. మూడవ వారానికి, బడి చేరేసరికి రెండు తొడల నడుమ స్పర్శ తెలియకుండా పోయేది. నాలుగవ వారంలో మూత్రానికి వెళ్ళినప్పుడు మంట మొదలైంది. ఇటువంటి సంగతులు సహోపాధ్యాయులతో చెప్పుకోలేము, ఇంట్లోనూ చెప్పుకోలేము. సైకిలు మానివేయడమే మేలని నిశ్చయించుకున్నాను.

చక్కెర వ్యాధి ఉన్నవారికి మూత్రంలో మంట వస్తే దానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చును గనుక, వైద్యుడు ముందుగా పరీక్షలు చేయించినారు. క్రిములేవీ కనబడలేదు. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న, "మీ సైకిలు సీటు ఎటువంటిది?" అని. మెత్తనిదేనని ధైర్యంగా చెప్పినాను. ఆయన నవ్వి, "అదే కారణం కావచ్చు, మార్చి చూడండి" అన్నారు. ఆ మాట మొదట అర్థం కాలేదు. తరువాత ఏడాది పాటు సీట్ల గూర్చి చదివి, అడిగి, డబ్బు పోగొట్టుకుని, చివరకు తోలు సీటు వద్ద స్థిరపడినాను. మన ప్రాంతంలో పాలు, పత్రికలు వేసేవారు మొదలుకొని బెంగళూరు దారిలో తెల్లవారుజామున వ్యాయామం కోసం తొక్కే యువకుల వరకు ఎందరికో ఈ బాధ ఉన్నదనీ, ఎవరూ పైకి చెప్పుకోరనీ తెలిసిన మీదటనే ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నాను.

మెత్తదనం ఎందుకు నొప్పిస్తుంది?

మనిషి కూర్చున్నప్పుడు శరీర భారాన్ని మోయడానికి ప్రకృతి రెండు ఎముకలను ఏర్పాటు చేసింది. గట్టి అరుగు మీద కూర్చుని అటూ ఇటూ కదిలితే పిరుదుల అడుగున రెండు మొనలు తగులుతాయి. అవే ఆ ఎముకలు. వాటిని ఈ వ్యాసంలో కూర్చునే ఎముకలు అందాము. ఆ రెంటి నడుమ, యోగశాస్త్రంలో మూలాధారమని చెప్పే చోట, జననేంద్రియాలకు వెళ్ళే నరాలూ రక్తనాళాలూ ఉన్నాయి. అవి భారం మోయడానికి ఏర్పడినవి కావు.

మెత్తని ఫోము లేదా జెల్ సీటు మీద కూర్చుంటే, ఎముకలు రెండూ లోనికి దిగబడిపోతాయి. దిగిన చోట ఫోము అణగుతుంది, నడుమ ఉన్న ఫోము మాత్రం పైకి ఉబుకుతుంది. అనగా ఎముకలు మోయవలసిన బరువులో కొంత నరాల మీదికి వచ్చి పడుతుంది. పది నిమిషాల ప్రయాణానికి ఇది తెలియదు. అరగంట దాటితే తిమ్మిరి, ఇంకా సాగితే నొప్పి. దుకాణంలో బొటనవేలు చెప్పే సాక్ష్యం ఆ పది నిమిషాలకే చెల్లుతుంది.

తిమ్మిరిని చిన్న విషయంగా కొట్టివేయరాదు. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా, ఆరోగ్య సంస్థ పరిశోధకులు సైకిలుపై గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ముందు ముక్కు లేని సీట్లు ఇచ్చి, ఆరు నెలల తరువాత పరిశీలించి, 2008లో ఫలితాలను ప్రకటించినారు. అంతకు ముందు ఆరు నెలలలో తిమ్మిరి ఎరుగమని చెప్పినవారు నూటికి 27 మంది మాత్రమే కాగా, సీటు మార్చిన తరువాత వారు 82 మంది అయినారు. సీటు ముక్కు మీద పడే బరువు ఎంత హాని చేస్తుందో దీనివలన తెలుస్తుంది. చక్కెర వ్యాధి ముదిరినవారికి నరాల స్పర్శ ముందే తగ్గి ఉండవచ్చును గనుక, వారు తిమ్మిరి హెచ్చరిక కోసం కాచుకుని కూర్చోరాదు. సీటు మార్చినా రెండు మూడు వారాలలో తిమ్మిరి పోకపోతే వైద్యుని వద్దకు వెళ్ళవలసిందే, ఆ పని సైకిలు మేస్త్రీ చేయలేడు.

ఇప్పుడు తోలు సీటు సంగతి. దానిలో ఫోము లేదు, జెల్ లేదు, కింద పలక కూడా లేదు. వెనుక అర్ధచంద్రాకారంలో ఒక ఇనుప బద్ద, ముందు ముక్కు వద్ద ఒక చిన్న ఇనుప ముక్క. ఆ రెంటికీ రివెట్లు కొట్టి, సుమారు 5 నుండి 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒకే తోలు ముక్కను బిగదీసి ఉంచుతారు. తోలు కింద ఉన్నది గాలి మాత్రమే. మన ఇళ్ళలోని నవారు మంచం సరిగ్గా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. నవారు పరుపు కాదు. అయినా దాని మీద పడుకున్నవాడికి వీపు ఒత్తుకోదు, ఎందుకంటే బరువు పడిన చోట అది కొద్దిగా వంగి, మిగతా చోట బిగిసి ఉంటుంది. తోలు సీటు కూడా అంతే. ఎముకలు తగిలిన రెండు చోట్ల కొన్ని వారాలలో రెండు గుంటలు పడతాయి. నడుమ భాగం ఉబకదు. వంగిన నవారును మళ్ళీ లాగి బిగించినట్లే, తోలు సీటుకు ముక్కు కింద ఒక నట్టు ఉంటుంది. దాని సంగతి తరువాత చెబుతాను.

బజారులో తోలు సీటును గుర్తించడం

తోలు సీటు అనగానే లోకమంతటా మొదట వినబడే పేరు బ్రూక్స్. జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1866లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో గుర్రపు జీనులు, తోలు సామానుల వ్యాపారం ప్రారంభించినారు. గుర్రం చనిపోగా సైకిలు అరువు తెచ్చుకున్నారనీ, దాని సీటు బాధ భరించలేక తానే ఒకటి తయారుచేయబూనినారనీ ఆ సంస్థ వారు చెప్పే కథ. కథ మాట ఎట్లున్నా, 1882లో ఆయన సీటుకు పేటెంటు కోరిన మాట నిజం. ఆ సంస్థ బి17 నమూనా 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో వచ్చింది, నేటికీ అమ్ముడవుతున్నది. 2002లో సంస్థ ఇటలీకి చెందిన సెల్లె రాయల్ చేతికి వెళ్ళింది. ఫ్రాన్సులో జిల్ బెర్తూ, తైవానులో గైస్, అమెరికాలో సెల్లె అనటామికా అనే తయారీదారులు కూడా ఉన్నారు. బెర్తూ వారి సీటులో రివెట్లకు బదులు మరలు ఉంటాయి, తోలు పాడైతే తోలు మాత్రమే మార్చుకోవచ్చు. అనటామికా వారి తోలుకు నడుమ పొడవాటి చీలిక ఉంటుంది.

మన దేశంలోనూ 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో స్థాపితమైన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులిస్, ఆసన్‌సోల్‌లోని సేన్-రాలీ వారి రాలీ సైకిళ్ళ కాలంలో పెద్ద సైకిలుకు స్ప్రింగుల తోలు సీటు ఉండడం సామాన్య విషయమే. తరువాత రెగ్జిన్, ప్లాస్టిక్ వచ్చి దానిని తోసివేసినాయి. ఇప్పుడు దిగుమతి అయిన ఒక్క మేలైన తోలు సీటు ధరకు సాదా సైకిలు ఒకటి రావచ్చు. కనుక కొనే ముందు మోసపోకుండా చూసుకోవడం అవసరం.

"లెదర్ సీటు" అని పెట్టె మీద రాసి ఉన్నదంతా తోలు సీటు కాదు. ప్లాస్టిక్ పలక మీద ఫోము వేసి, దానిపై పలుచని తోలు పొరనో, తోలు వలె అచ్చు గుద్దిన రెగ్జిన్‌నో కప్పినవే ఎక్కువ. పరీక్ష చాలా సులువు. సీటును తిరగవేసి చూడండి. అడుగున నల్లని ప్లాస్టిక్ కనబడితే అది ఫోము సీటే. గరుకుగా, పీచుగా ఉన్న తోలు వెనుక భాగమే కనబడి, ముక్కు కింద బిగించే నట్టు ఉంటే అది అసలైనది. అంచును కూడా చూడాలి. చెట్ల చెక్కతో ఊనిన తోలు అంచు లోపలి వరకు గోధుమ రంగులోనే ఉంటుంది. క్రోము లవణంతో ఊనిన తోలు కోతలో నీలి బూడిద ఛాయ కనబడుతుంది. క్రోము తోలు మెత్తగా సాగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. చెక్క తోలు ఒకసారి ఒదిగిన ఆకారాన్ని విడువదు. సీటుకు కావలసింది ఆ రెండవ గుణమే.

ఈ విద్య మనకు పరాయిది కాదు. తంగేడు చెక్క, కరక్కాయ, తుమ్మ చెక్క వేసి తోళ్ళు ఊనడం ఈ ప్రాంతంలో పాత వృత్తి. మన పక్కనే ఉన్న ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్ళ పరిశ్రమ ఒకనాడు తంగేడు చెక్క మీదనే పెరిగింది. తంగేడును అక్కడ ఆవారం అంటారు. క్రోము వచ్చిన తరువాత పాలారుకు ఏమైనదో, 1996లో సుప్రీంకోర్టు ఎందుకు కలుగజేసుకోవలసి వచ్చిందో ఈ జిల్లాల వారికి నేను చెప్పనక్కరలేదు. బెళగావి, షోలాపూరు వైపు ఉన్న మన పాఠకులకు కొల్హాపురీ చెప్పు తెలుసు. 2019లో మహారాష్ట్ర, కర్ణాటకలకు ఉమ్మడిగా భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చెప్పు కూడా చెక్కతో ఊనిన తోలే. కొత్తలో కరుస్తుంది, పదిహేను రోజులకు పాదం ముద్ర దానిలో పడుతుంది, ఆ తరువాత ఇంకొకరి కాలికి అది పట్టదు. తోలు సీటు స్వభావం తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కొలత

సీటు ఎంపికలో అన్నిటికంటె ముఖ్యమైనది వెడల్పు. చెప్పు కొలత చూడకుండా చెప్పు కొనేవారు లేరు, సీటును మాత్రం అందరం కంటి అంచనాతోనే కొంటాము. కొలవడానికి ఖర్చేమీ లేదు. సామాను వచ్చే అట్టపెట్టెలో నుండి, లోపల ముడతలున్న దళసరి అట్టముక్క ఒకటి కోసుకోవాలి. దానిని గట్టి బల్ల మీదనో, మెట్టు మీదనో పరచి, పలుచని బట్టలతో దానిపై కూర్చోవాలి. మడమలు లేపి మోకాళ్ళు కొంచెం పైకి ఉండేటట్లు చూసుకుని, సైకిలుపై ఎంత వంగుతామో అంతే ముందుకు వంగి, బల్లను చేతులతో పట్టుకుని శరీరాన్ని కిందికి లాగినట్లు నిమిషం పాటు ఉండాలి. లేచి చూస్తే అట్టపై రెండు లొత్తలు కనబడతాయి. కనబడకపోతే అరచేతితో తడిమితే తెలుస్తాయి. ఒకదాని నడిమి నుండి ఇంకొకదాని నడిమికి ఎంత దూరమో కొలవాలి. సాధారణంగా ఇది 10 నుండి 14 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. స్త్రీలలో కొంచెం ఎక్కువ ఉండడం పరిపాటి. మనిషి లావుకూ దీనికీ సంబంధం లేదు. బక్కపలచని మనిషికి ఎముకల దూరం ఎక్కువ ఉండవచ్చు, స్థూలకాయునికి తక్కువ ఉండవచ్చు. నా కొలత 12.5 వచ్చింది.

ఫోము సీటుకైతే ఈ కొలతకు రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే చాలునంటారు. తోలు సీటుకు అది చాలదు. వెనుక అంచున ఇనుప బద్ద, రివెట్లు ఉన్నాయి గదా, ఎముక వాటి మీద పడితే ఏ తోలూ రక్షించలేదు. ఎముకలు రెండూ ఇనుముకు లోపల, వంగే తోలు మీదనే పడాలి. కనుక వెడల్పు ఇంకా రెండు సెంటీమీటర్లయినా ఎక్కువ ఉండాలి. పెట్టె మీద వేసిన వెడల్పు బయటి అంచుల మధ్య కొలత అని గుర్తుంచుకుంటే పొరపాటు జరగదు.

అయితే ఈ లెక్క తొక్కే భంగిమను బట్టి మారుతుంది. హ్యాండిలు ఎత్తుగా ఉండి, నిటారుగా కూర్చుని తొక్కే పెద్ద సైకిళ్ళలో బరువంతా సీటు మీదనే పడుతుంది. ఎముకల వెనుక భాగం, అనగా ఎడం ఎక్కువ ఉన్న భాగం, సీటుకు తగులుతుంది. వంగి తొక్కే సైకిలులో నడుము ముందుకు తిరిగి, బరువు చేతులకూ కాళ్ళకూ పంచబడుతుంది. అప్పుడు తగిలేది ఎముకల ముందు భాగం, అక్కడ ఎడం తక్కువ. అందుచేతనే నిటారు భంగిమకు సుమారు 20, 21 సెంటీమీటర్ల వెడల్పు గల సీట్లు, మధ్యరకం వంపుకు బి17 వంటి 17 సెంటీమీటర్ల ప్రాంతపు సీట్లు, బాగా వంగి వేగంగా తొక్కేవారికి 15, 16 సెంటీమీటర్ల సన్నని సీట్లు తయారుచేస్తారు. పందెపు సైకిలు సీటు చూడడానికి అందంగా ఉన్నదని పాల సైకిలుకు బిగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

స్ప్రింగుల విషయం కూడా భంగిమలోనే ఉన్నది. నిటారుగా కూర్చున్నవాడు గుంత వచ్చినప్పుడు సీటు మీద నుండి లేవడం కష్టం, దెబ్బంతా వెన్నెముకకు వెళుతుంది. కనుక అతనికి వెనుక చుట్ట స్ప్రింగులు ఉండాలి. వంగి తొక్కేవానికి స్ప్రింగులు అనవసరపు బరువు, పైగా ప్రతి తొక్కుకూ ఊగుతూ చికాకు పెడతాయి. మా దారి ఎగుడుదిగుడు, గుంతలూ తక్కువేమీ కాదు. నేను స్ప్రింగులకే ఓటు వేసినాను.

డబ్బు చెల్లించే ముందు చూడవలసినది ఇంకొకటి ఉన్నది. సీటు కింద ఉండే కమ్మీలు. నేటి గేరు సైకిళ్ళ సీటు పిల్లరు రెండు కమ్మీలనే పట్టుకుంటుంది. బ్రూక్స్ వారి బి66, బి33 వంటి పాత తరహా స్ప్రింగు సీట్లకు కమ్మీలు జంటలుగా, నాలుగు ఉంటాయి. అవి సాదా గొట్టం పిల్లరుకు, పాత పద్ధతి క్లాంపుతోనే బిగుస్తాయి. బి66నే రెండు కమ్మీలతో చేసినది బి67. ఒకటి కొని ఇంకొక సైకిలుకు బిగించబోయి తిరిగి దుకాణానికి పరుగెత్తినవారిని నేనెరుగుదును.

స్త్రీలకు వెడల్పుతో పాటు ముక్కు పొడవు కూడా చూడాలి. అడ్డకమ్మీ లేని సైకిలుపై చీరతోనో, చుడీదారుతోనో ఎక్కి దిగేటప్పుడు పొడవాటి ముక్కు బట్టకు తగులుకుంటుంది. వారికోసం ముక్కు రెండు మూడు సెంటీమీటర్లు కురచగా ఉన్న నమూనాలు వేరే ఉన్నాయి.

పాత సీటు కథ

ఇంత తెలిసిన తరువాత కూడా నేను ఒక తప్పు చేసినాను. మా నాయనగారి రాలీ సైకిలు సీటు అటక మీద ఉన్నదని జ్ఞాపకం వచ్చి, దానిని దించి దుమ్ము దులిపి మేస్త్రీ వద్దకు తీసుకుపోయినాను. పెద్దాయన దానిని గోటితో గీకి చూసి, "అయివారూ, ఈ తోలు చచ్చిపోయుండాది, దీని మీద కూర్చోవద్దండి" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆ సీటు మీద మా నాయనగారు ముప్పై ఏళ్ళు తిరిగినారు. రెండు పూటలా నూనె రాసి బిగించుకున్నాను. మూడవ రోజు ఒక గుంతలో చక్రం దిగగానే ముక్కు వద్ద రివెట్ల వెంట తోలు చీలిపోయింది. కింద పడలేదు గాని ప్యాంటు చిరిగింది, తొడ గీసుకుపోయింది.

పాత తోలు సీటు కొనదలచినవారు ముందుగా రివెట్ల చుట్టూ చూడాలి. చీలిక గీతలు అక్కడే మొదలవుతాయి. తోలు నెర్రెలు విచ్చి, వేలితో నొక్కితే పొడి రాలుతున్నదంటే దానికి మందు లేదు. పక్కలు బయటికి విచ్చుకుని, నడుమ మంచం కుక్కి పడినట్లు దిగిపోయి ఉంటే, ముక్కు కింది నట్టు చూడాలి. మర ఇంకా మిగిలి ఉంటే కొంత బిగించవచ్చు. చివరిదాకా తిరిగిపోయి ఉంటే ఇక ఆశ లేదు. ఒకరి శరీరానికి బాగా ఒదిగిన సీటు ఇంకొకరికి ఒదగకపోవచ్చునన్నది కూడా మరువరాదు. చివరకు బెంగళూరులో ఒకరు ఆరు నెలలు మాత్రం వాడి అమ్మజూపిన, 21 సెంటీమీటర్ల వెడల్పు గల స్ప్రింగు సీటు కొన్నాను.

కరిచే రోజులు

కొత్త తోలు సీటు కొయ్య వలె ఉంటుంది. మొదటి రెండు వారాలు నేను దానిని కొన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. అయితే ఆ నొప్పికీ జెల్ సీటు నొప్పికీ తేడా ఉన్నది. ఇది రెండు ఎముకల వద్ద, కండరం నలిగినట్లు ఉండే నొప్పి. తొడల నడుమ తిమ్మిరి మాత్రం మొదటి రోజు నుండే లేదు. ఈ తేడాను గమనించడం అవసరం. ఎముకల వద్ద నొప్పి అయితే ఓపిక పట్టవచ్చు. తిమ్మిరి అయితే సీటు కొలతలోనో, వాలులోనో తప్పున్నది, ఓపికతో అది పోదు. తోలు ఒదగడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. బరువైనవారికి త్వరగా, తేలికైనవారికి ఆలస్యంగా. నాకు ఎనిమిది వారాలు పట్టింది. రోజూ కొద్దిదూరం తొక్కడం మంచిది, మొదటి ఆదివారమే కృష్ణగిరికి బయలుదేరరాదు.

త్వరపడి నీళ్ళలో నానవేయడం, కొబ్బరి నూనెనో ఆముదమో పట్టించడం, సుత్తితో కొట్టడం వంటి చిట్కాలు చాలామంది చెబుతారు. తడిసిన తోలు మీద బరువు పడితే అది సాగిపోయి మళ్ళీ బిగియదు. నూనె ఎక్కువైతే పీచు వదులై, ఏడాదిలోనే నడుమ కుక్కి పడుతుంది. తేనెమైనం, పశువుల కొవ్వు కలిపి చేసిన గట్టి లేపనాన్ని బ్రూక్స్ వారు ప్రూఫైడ్ అనే పేరుతో అమ్ముతారు. అటువంటిది కొద్దిగా తీసుకుని కొత్తలో అడుగుభాగాన బాగా, పైభాగాన పలుచగా రాసి, రాత్రంతా వదలి, ఉదయం గుడ్డతో తుడిస్తే చాలు. ఆపైన మూడు నాలుగు నెలలకొకసారి. కొత్త సీటు రంగు అంటుకుంటుంది గనుక తెల్ల పంచె కట్టేవారు మొదటి నెల జాగ్రత్తపడాలి.

సీటు ఎత్తు, వాలు సరిగా లేకపోతే ఎంత ఖరీదైన తోలైనా వ్యర్థమే. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మడమ దానిపై ఆనించి చూస్తే కాలు నిటారుగా రావాలి. అంతకంటె సీటు ఎత్తుగా ఉంటే నడుము అటూ ఇటూ ఊగి తొడలు ఒరుసుకుపోతాయి. తోలు సీటు నడుమ కొంచెం దిగుతుంది కాబట్టి, తాపీమేస్త్రీ రసమట్టం పెట్టి చూసినప్పుడు మట్టంగానో, ముక్కు వెంట్రుకవాసి పైకో ఉండాలి. ముక్కు కిందికి వాలి ఉంటే శరీరం ముందుకు జారుతూ, బరువు అరచేతుల మీద పడుతుంది. ఒక్కసారికి కొద్దిగా మార్చి రెండు రోజులు తొక్కి చూడడమే మార్గం. మందమైన కుట్లన్నీ ఒకేచోట కలిసే జీన్స్ ప్యాంటు వేసుకుని సీటును నిందించడం కూడా న్యాయం కాదు.

ముక్కు కింది నట్టు సంగతి చెబుతానన్నాను. కొత్త సీటుకు దానిని తాకనే వద్దు. ఏడాదో రెండేళ్ళో గడచి తోలు నిజంగా వదులైనట్లు కనబడితే, పావు చుట్టు తిప్పి నెల రోజులు చూడాలి. ఒకేసారి బిగబట్టితే రివెట్ల వద్ద తోలు చినుగుతుంది, లేదా నడుమ భాగం కర్ర వలె బిగుసుకుని, మనం దేనికి భయపడి ఈ సీటు కొన్నామో ఆ బాధే తిరిగి వస్తుంది.

తోలుకు ప్రధాన శత్రువు వాన. పైనుండి పడేదానికి ప్లాస్టిక్ సంచి కప్పుతాము, వెనుక చక్రం నుండి అడుగుభాగానికి చిమ్మే నీటిని మరచిపోతాము. మడ్‌గార్డు లేని సైకిలుకు తోలు సీటు పెట్టరాదు. తడిస్తే నీడలో, గాలికి మెల్లగా ఆరనివ్వాలి. ఎండలోనో పొయ్యి పక్కనో పెడితే నెర్రెలు విచ్చుతుంది. సైకిలును రోజంతా ఎండలో నిలిపేవారు సీటుపై గుడ్డ కప్పాలి. రాత్రిళ్ళు ఎలుకల బెడద ఉన్న పశువుల కొట్టంలో సైకిలు పెట్టకపోవడం మేలు, లేపనంలోని కొవ్వు వాసన వాటికి ప్రీతి.

వానలో తప్పనిసరిగా తిరిగే పత్రికల కుర్రవానికి, సైకిలు బయట వదలి రైలెక్కేవానికి, పదిహేను నిమిషాలకు మించి తొక్కనివారికి నేను తోలు సీటు కొనమని చెప్పను. వారు వెడల్పు కొలుచుకుని, నడుమ పల్లం ఉన్న గట్టి ఫోము సీటు తీసుకుంటే సరిపోతుంది. పశుచర్మం వాడకూడదనే నియమం ఉన్నవారికి, రబ్బరుపై నూలు గుడ్డ అతికి, ఇదే విధంగా బిగదీసి చేసిన సీట్లను బ్రూక్స్ వారే క్యాంబియం పేరుతో తెచ్చినారు. అవి ఒదగడానికి వారాలు పట్టవు, వానకు జడియవు. తోలు వలె శరీరం ముద్రను పట్టవు, అంతే తేడా.

నా సీటుపై ఇప్పుడు రెండు గుంటలు నున్నగా మెరుస్తున్నాయి. మంట మళ్ళీ రాలేదు. కిందటి నెల మా అమ్మాయి దానిని తన సైకిలుకు బిగించుకుని కాలేజీకి వెళ్ళి, సాయంత్రం విసుగుతో తిరిగి వచ్చి, "నాయనా, ఇది నీకే సరి" అని వదలివేసింది. అట్టముక్క తెచ్చి కూర్చోబెట్టినాను. ఆమె కొలత 14 సెంటీమీటర్లు వచ్చింది, నా గుంటలకు వెలుపల. ఆమెకు వేరే కురచ ముక్కు సీటు తెప్పించినాము. ఇప్పటికి తొంభై కిలోమీటర్లు నడిచింది. ఇంకా కరుస్తూనే ఉన్నదట.